సంక్రాంతి సెలవుల్లో రమ్మీ నేర్చుకుందాం: 13 ముక్కల ఆట, పంపకం నుంచి షో దాకా

కనుమ నాడు భోజనాలయ్యాక మా అమ్మమ్మ వాళ్ళ వసారాలో చాప పడుతుంది. ఊరు నెల్లూరు నుంచి మైపాడు వెళ్ళే దారిలో. చెన్నై, బెంగళూరు, ఒంగోలు నుంచి వచ్చిన పిల్లలు చుట్టూ చేరతారు. "మామా, ఈసారైనా మాకు రమ్మీ నేర్పు" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. ఆట నడుస్తుండగా మధ్యలో నేర్పితే సగమే తలకెక్కుతుంది. మిగతా సగం రాంగ్ షో చేసి (అంటే ముక్కలు సరిగ్గా కుదరకుండానే ఆట అయిపోయిందని చూపించి), 80 పాయింట్లు రాయించుకుని నేర్చుకోవాలి. నేను అలాగే నేర్చుకున్నాను. మీకు ఆ అవసరం లేకుండా మొదటి నుంచి వరసగా రాస్తున్నాను.

కొత్తవాళ్ళు ఓడిపోయేది ఎత్తులు తెలియక కాదు. ప్యూర్ సీక్వెన్స్ (జోకర్ సాయం లేకుండా వరసగా కుదిరిన ముక్కలు) సంగతి చూడకుండా ట్రిప్లెట్లు (ఒకే అంకె ముక్కల గుంపులు), జోకర్లు పోగేసుకోవడం వల్ల. కింద రాసిన వాటిలో సగం ఈ ఒక్క అలవాటును మాన్పించడానికే.

1. కూర్చునే ముందు

నలుగురు ఉంటే నేర్చుకోవడానికి బాగుంటుంది. ఇద్దరి నుంచి ఆరుగురి దాకా ఆడొచ్చు. కానీ ఆరుగురికి పంచితే మధ్యలో ముక్కలు తక్కువ మిగులుతాయి, వంతు రావడానికి చాలాసేపు పడుతుంది. కొత్తవాళ్ళకు విసుగు వస్తుంది.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- రెండు పేక కట్టలు. వెనక రంగులు వేరైనా ఫరవాలేదు, సైజు ఒకటే ఉండాలి.
- ఒక్కో కట్టలో 52 ముక్కలు, ఒక జోకర్. కట్టలో ఎక్కువ జోకర్లు వస్తే ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. మొత్తం 106 ఉండాలి. లెక్కపెట్టండి.
- ఒక నోటు పుస్తకం, పెన్ను. స్కోరు ఒక్కరే రాయాలి.
- పరవడానికి దుప్పటి. నున్నటి గచ్చు మీద ముక్క చేతికి అందదు, గోటితో గీకాల్సి వస్తుంది.

మా ఊరివైపు సాయంత్రమైతే సముద్రం గాలి వీస్తుంది. వసారాలో కూర్చుంటే ముక్కలు తిరగబడి, ఎవరి ముక్క ఎవరిదో తెలియక ఆట చెడిపోతుంది. గాలి లేస్తే లోపల గదిలోకి మారండి.

డబ్బు పెట్టొద్దు. నేర్చుకునేటప్పుడు డబ్బు ఉంటే మనసు ముక్క మీద కాకుండా నష్టం మీద ఉంటుంది. ఫోన్లో ఆడి నేర్చుకుంటామనేవాళ్ళకు ఇంకో మాట. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడడాన్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పండి.

2. ముక్కల పేర్లు, వాటి విలువ

నాలుగు రంగులు: ఇస్పేటు (♠), ఆఠీను (♥), కళావరు (♣), డైమన్ (♦). ఒక్కో రంగులో ఆసు, 2 నుంచి 10, జాకీ, రాణి, రాజు.

విలువలు తేలిక. ఆసు, జాకీ, రాణి, రాజు ఒక్కోటి 10. మిగతావాటికి వాటి మీదున్న అంకె. జోకర్‌కు సున్నా. రమ్మీలో పాయింట్లు తక్కువ ఉన్నవారే బాగా ఆడినట్టు. ముక్కలాటలు వేరేవి వచ్చినవాళ్ళకు ఇక్కడే మొదట తికమక అవుతుంది.

3. చేయాల్సిన పని ఏమిటి

చేతిలోని 13 ముక్కలనూ గుంపులుగా పేర్చాలి. గుంపులు రెండు రకాలు.

సీక్వెన్స్: ఒకే రంగులో వరసగా మూడు లేదా అంతకంటే ఎక్కువ ముక్కలు. ఆఠీను 7, 8, 9 ఒక సీక్వెన్స్.

ట్రిప్లెట్: ఒకే అంకె ఉన్న మూడు లేదా నాలుగు ముక్కలు, అన్నీ వేర్వేరు రంగుల్లో. కొందరు సెట్ అంటారు.

వీటితో పాటు రెండు షరతులు. వీటిని పుస్తకం మొదటి పేజీలో రాసి అందరికీ కనపడేలా పెట్టండి.

- కనీసం రెండు సీక్వెన్స్‌లు ఉండాలి.
- వాటిలో ఒకటి జోకర్ సాయం లేకుండా కుదరాలి. దీన్నే ప్యూర్ సీక్వెన్స్ అంటారు. లైఫ్ అనేవాళ్ళూ ఉన్నారు. ఆ మాటే నాకిష్టం, ఎందుకంటే అది లేకపోతే చేతిలో ఎన్ని మంచి గుంపులున్నా ఆటకు ప్రాణం లేనట్టే.

మిగతా ముక్కలు ఇంకో సీక్వెన్స్ అయినా కావచ్చు, ట్రిప్లెట్ అయినా కావచ్చు.

ఆసును రెండు చోట్ల వాడొచ్చు: ఆసు, 2, 3 కుదురుతుంది. రాణి, రాజు, ఆసు కూడా కుదురుతుంది. రాజు, ఆసు, 2 కుదరదు.

4. జోకర్ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

జోకర్లు రెండు రకాలు. కట్టతో వచ్చే బొమ్మ జోకర్ ఒకటి. ప్రతి ఆటలో పంపకం అయ్యాక తీసే కట్ జోకర్ రెండోది. ఆఠీను 6 వచ్చిందనుకోండి, ఆ ఆటలో నాలుగు రంగుల 6లూ జోకర్లే. కట్ జోకర్‌గా బొమ్మ జోకరే వస్తే, ఆ ఆటకు ఆసులన్నీ జోకర్లు.

జోకర్ ఏ ముక్క బదులైనా నిలుస్తుంది, కానీ ప్యూర్ సీక్వెన్స్‌లో మాత్రం కాదు.

ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. 6 జోకర్ అయినప్పుడు మీ దగ్గర ఇస్పేటు 4, 5, 6 ఉంటే అది ప్యూరేనా? ప్యూరే. అక్కడ ఇస్పేటు 6 తన సొంత చోటులోనే ఉంది, ఇంకో ముక్క బదులు నిలబడలేదు. ఇస్పేటు 4, 5 పక్కన కళావరు 6 పెడితే అది జోకర్‌గా పనిచేస్తుంది, కాబట్టి ప్యూర్ కాదు.

5. పంచడం

1. తలా ఒక ముక్క తీయండి. చిన్న ముక్క వచ్చినవారు పంచుతారు.
2. పేక బాగా కలిపి, పక్కవారితో కోయించండి. రెండు కట్టలు కాబట్టి కలపడానికి తొందరపడొద్దు. ఐదారు సార్లయినా కలపండి.
3. ఒక్కొక్కటిగా పంచండి, ఒక్కొక్కరికి 13.
4. మిగిలిన కట్టలోంచి ఒక ముక్క తీసి, బొమ్మ పైకి ఉండేలా ఆ కట్ట కింద అడ్డంగా పెట్టండి. సగం బయటకు కనిపించాలి. అదే కట్ జోకర్.
5. ఇంకో ముక్క తీసి పక్కన తెరిచి పెట్టండి. అది ఓపెన్ ముక్క. బోర్లించి ఉన్న కట్ట మూసిన కట్ట.
6. పంచినవారి పక్కనున్నవారు మొదలుపెడతారు. ఆట ఏ వైపు తిరగాలో ముందే అనుకోండి. తర్వాతి ఆటకు పంచే వంతు పక్కవారిది.

నలుగురికి పంచితే 52 పోతాయి, జోకర్‌కు ఒకటి, ఓపెన్‌కు ఒకటి, మూసిన కట్టలో 52 మిగులుతాయి. ఎప్పుడైనా అనుమానం వస్తే ఈ లెక్కతో సరిచూసుకోవచ్చు.

6. చేతిలో పేర్చుకోవడం

ముక్కలు రంగుల వారీగా పెట్టుకోండి. ఇస్పేటు పక్కన ఆఠీను, దాని పక్కన కళావరు, చివర డైమన్. నలుపు, ఎరుపు, నలుపు, ఎరుపు. ఇస్పేటు పక్కనే కళావరు పెడితే వెలుతురు తక్కువైనప్పుడు రెండూ ఒకటిలా కనిపిస్తాయి. జోకర్లను ఒక అంచున విడిగా పెట్టండి, పొరపాటున పడేయకుండా ఉంటారు.

చిన్న చేతులకు 13 ముక్కలు పట్టుకోవడం కష్టం. మా మేనకోడలు పదేళ్ళప్పుడు ప్రతి ఆటలో రెండు ముక్కలు ఒళ్ళో జారవిడిచేది. ఆమె ముందు ఒక పెద్ద పుస్తకం అడ్డం నిలబెట్టి, ముక్కలు దాని వెనక పరుచుకోమన్నాం. ఆ తర్వాత ఆ ఇబ్బంది రాలేదు.

7. మొదటి మూడు ఆటలు ఇలా ఆడండి

నేను నేర్పేటప్పుడు ఈ వరస తప్పనివ్వను.

- మొదటి ఆట: కట్ జోకర్ లేదు, బొమ్మ జోకర్లు కూడా తీసేయండి. అందరి ముక్కలూ తెరిచి చాప మీదే. ఎవరు ఏ ముక్క తీసినా ఎందుకు తీశారో పైకి చెప్పాలి.
- రెండో ఆట: జోకర్లు ఉంటాయి, ముక్కలు ఇంకా తెరిచే.
- మూడో ఆట: ముక్కలు చేతిలోకి. స్కోరు రాయాలి, కానీ ఆట అయ్యాక చింపేయాలి.

మొదటి ఆటలో జోకర్ ఎందుకు వద్దంటే, అది లేనప్పుడు ప్యూర్ సీక్వెన్స్ చేయడం తప్ప వేరే దారి లేదు. ఆ అలవాటు చేతికి వచ్చాకే జోకర్ రుచి చూపించాలి. ముందే జోకర్ ఇస్తే దాని చుట్టూనే ఆలోచిస్తారు.

8. మీ వంతు వచ్చినప్పుడు

రెండే పనులు: ఒక ముక్క తీయాలి, ఒక ముక్క వేయాలి. మూసిన కట్ట నుంచైనా తీయొచ్చు, ఓపెన్‌లో పైనున్న ముక్కనైనా తీయొచ్చు. వేసేసరికి చేతిలో మళ్ళీ 13 ఉండాలి.

ఓపెన్‌లో జోకర్ పడితే దాన్ని తీయకూడదు. ఆట మొదట్లో తెరిచి పెట్టిన ముక్కే జోకర్ అయితే మొదటి ఆటగాడు తీసుకోవచ్చు, అంతే. మూసిన కట్ట అయిపోతే, ఓపెన్‌లో పైముక్క ఒక్కటి ఉంచి మిగతావి కలిపి బోర్లించండి.

ఓపెన్ ముక్క తీసిన ప్రతిసారీ మీ చేతిలో ఏముందో అందరికీ కొంత చెప్పినట్టే. కాబట్టి అది ప్యూర్ సీక్వెన్స్‌నో, రెండో సీక్వెన్స్‌నో పూర్తి చేస్తేనే తీయండి. "రేపెప్పుడైనా పనికొస్తుంది" అని తీయొద్దు.

9. ఒక ఆట పూర్తిగా చూద్దాం

పేక దగ్గర పెట్టుకుని ఈ ముక్కలే తీసి చాప మీద పరుచుకుంటూ చదవండి. ఊరికే చదివితే సగమే అర్థమవుతుంది. కట్ జోకర్ ఆఠీను 6, అంటే 6లన్నీ జోకర్లు.

మీకు వచ్చినవి:

- ఇస్పేటు 4, 5, రాజు
- ఆఠీను 7, 8, 10, రాణి
- కళావరు 6, 9, జాకీ
- డైమన్ 2, 9, రాజు

ముందు ప్యూర్ ఎక్కడ కుదురుతుందో వెతకండి. ఇప్పటికి లేదు. దగ్గరగా ఉన్నవి రెండు. ఆఠీను 7, 8, 10కి ఆఠీను 9 వస్తే ఏకంగా నాలుగు ముక్కల సీక్వెన్స్. ఇస్పేటు 4, 5కి ఇస్పేటు 3 కావాలి. ఇస్పేటు 6 వచ్చినా ప్యూరే, కానీ 6 జోకర్ కాబట్టి దాన్ని ఎవరూ వేయరు, వేసినా మీరు ఓపెన్ నుంచి తీయకూడదు. మూసిన కట్టలోంచి రావాల్సిందే. కళావరు 6 జోకర్, దాన్ని అంచున పెట్టేయండి.

మొదటి వంతు. ఓపెన్‌లో డైమన్ జాకీ ఉంది, మనకు పనిలేదు. మూసిన కట్ట నుంచి తీశారు: ఆఠీను 9! ఆఠీను 7, 8, 9, 10 ప్యూర్ అయిపోయింది. ఇప్పుడేం వేయాలి? రెండు రాజులు జతగా ఉన్నాయి కదా అని కొత్తవాళ్ళు దాచుకుంటారు. ఆ రెండూ కలిపి 20 పాయింట్లు, మూడోది వస్తుందో రాదో తెలియదు. ఇస్పేటు రాజు వేయండి.

రెండో వంతు. కళావరు 2 వచ్చింది. డైమన్ రాజు వేయండి. 2ల జత ఉంచుకోవచ్చు, రెండిటికీ కలిపి నాలుగే పాయింట్లు.

మూడో వంతు. మీ ముందువారు ఇస్పేటు 3 వేశారు. వెంటనే తీయండి. ఇస్పేటు 3, 4, 5 రెండో సీక్వెన్స్. ఆఠీను రాణి వేయండి.

ఇప్పుడు చేతిలో ఏడు ముక్కలు రెండు సీక్వెన్స్‌లలో భద్రంగా ఉన్నాయి. మిగిలిన ఆరు: కళావరు 6 అనే జోకర్, కళావరు 9, జాకీ, డైమన్ 9, డైమన్ 2, కళావరు 2. ఒక్క ముక్క వస్తే ఆట అయిపోతుంది. ఏ ముక్క? కాగితం మీద మీరే రాసి, తర్వాత కింద చూడండి.

- కళావరు 10 వస్తే కళావరు 9, 10, జాకీ సీక్వెన్స్. 2ల జతకు జోకర్. డైమన్ 9 బయటకు.
- ఇస్పేటు 9 గానీ, రెండో కట్టలోని ఆఠీను 9 గానీ వస్తే 9ల ట్రిప్లెట్. 2ల జతకు జోకర్. జాకీ బయటకు.
- ఇస్పేటు 2 గానీ ఆఠీను 2 గానీ వస్తే 2ల ట్రిప్లెట్. 9ల జతకు జోకర్. జాకీ బయటకు.
- ఏ జోకర్ వచ్చినా 9లకు ఒకటి, 2లకు ఒకటి. జాకీ బయటకు.

రెండు కట్టల్లో లెక్కేస్తే ఇవి 17 ముక్కలు. కళావరు 9 ఇంకోటి వస్తే? పనికిరాదు. ట్రిప్లెట్‌లో ఒకే రంగు రెండుసార్లు ఉండకూడదు. మా ఇంట్లో ఎక్కువ రాంగ్ షోలు జరిగేది దీనివల్లే.

నాలుగో వంతు. ఆఠీను 2 వచ్చింది. షో.

10. షో చేయడం

14వ ముక్కను ఓపెన్ కుప్ప మీద వేయకుండా, బోర్లించి విడిగా పెట్టి "షో" అనండి. తర్వాత 13 ముక్కలనూ గుంపులుగా పరచండి. పై ఆటలో కళావరు జాకీ బోర్లించి, ఇలా పరుస్తారు:

ఆఠీను 7, 8, 9, 10. ఇస్పేటు 3, 4, 5. డైమన్ 2, కళావరు 2, ఆఠీను 2. కళావరు 9, డైమన్ 9, జోకర్.

షో అనే ముందు నోటితో కాకుండా మనసులో ఈ నాలుగూ చూసుకోండి:

- జోకర్ లేని సీక్వెన్స్ ఏది? వేలు పెట్టి చూపించగలనా?
- రెండో సీక్వెన్స్ ఏది?
- ట్రిప్లెట్లలో ఒకే రంగు రెండుసార్లు ఉందా?
- గుంపుల్లోని ముక్కలు కలిపితే 13 అవుతున్నాయా, చేతిలో ఇంకోటి వేయడానికి ఉందా?

నా మొదటి షో ఒక శివరాత్రి జాగారం రోజున. రెండు సీక్వెన్స్‌లు, రెండు ట్రిప్లెట్లు, అన్నీ కుదిరాయని గట్టిగా అరిచాను. రెండు సీక్వెన్స్‌ల్లోనూ జోకర్ ఉంది. మా పెద్దమామ ఏమీ అనలేదు. నా పేరు కింద 80 రాసి, పుస్తకం నా వైపు తిప్పి చూపించాడు. ఆ రోజు నుంచి మొదటి ప్రశ్న నన్ను నేను అడగకుండా షో అనలేదు.

రాంగ్ షోకు 80 పాయింట్లు. మిగతావాళ్ళు ఆట కొనసాగిస్తారు. తప్పు చేసినవారి ముక్కలు పక్కన పెట్టేయాలి.

11. మిగతావాళ్ళ లెక్క

షో చేసినవారికి సున్నా. మిగతావాళ్ళకు మూడు సందర్భాలు.

ప్యూర్ సీక్వెన్స్ లేదు: 13 ముక్కలూ లెక్కే. 80 దాటితే 80 రాస్తారు.

ప్యూర్ ఉంది, రెండో సీక్వెన్స్ లేదు: ఆ ప్యూర్‌లోని ముక్కలకు మాత్రం సున్నా. ట్రిప్లెట్లు ఉన్నా లెక్కలోకి వస్తాయి.

రెండు సీక్వెన్స్‌లూ ఉన్నాయి: కుదిరిన గుంపులన్నింటికీ సున్నా. విడి ముక్కలకే లెక్క.

రెండో సందర్భం దగ్గర ప్రతి కొత్తవాడూ గొడవపడతాడు. "ఏంది మామా, మూడు ఎనిమిదులు ఉండాయి గదా, వాటిని కూడా లెక్కేస్తావా?" అని మా ఒంగోలు అల్లుడు గంటసేపు అలిగాడు. అతని ముక్కలు ఇవి: డైమన్ జాకీ, రాణి, రాజు. ఇస్పేటు, ఆఠీను, కళావరు 8లు. కళావరు 4, 5. విడిగా ఇస్పేటు 10, ఇస్పేటు ఆసు, డైమన్ 7, డైమన్ 5, ఆఠీను 3.

డైమన్ సీక్వెన్స్‌కు సున్నా. 8లు 24. కళావరు 4, 5 కలిపి 9. విడివి 10, 10, 7, 5, 3, అంటే 35. మొత్తం 68.

అదే ఆఠీను 3 బదులు ఒక్క జోకర్ ఉండుంటే? కళావరు 4, 5, జోకర్ రెండో సీక్వెన్స్ అయ్యేది. 8లు కూడా బతికేవి. 10, 10, 7, 5, మొత్తం 32. ఒక్క ముక్కతో 36 పాయింట్లు తగ్గాయి. ఇది పిల్లలకు లెక్క వేసి చూపిస్తే, రెండో సీక్వెన్స్ ఎందుకు ముందో మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు.

12. డ్రాప్, 101

ముక్కలు మరీ చెడ్డగా ఉంటే ఆట వదిలేయొచ్చు, అదే డ్రాప్. మీ మొదటి ముక్క తీయకముందే వదిలితే 20. ఆట మధ్యలో మీ వంతు వచ్చినప్పుడు, ముక్క తీయకముందు వదిలితే 40. ముక్క తీశాక వదలడం కుదరదు.

ఎప్పుడు వదలాలి? నేను కొత్తవాళ్ళకు చెప్పే కొలత ఇది: జోకర్ ఒక్కటీ లేదు, ప్యూర్ లేదు, ఒకే రంగులో పక్కపక్క ముక్కలు ఒక్క జత కూడా లేవు. మూడూ లేకపోతే వదిలేయండి. ఏ ఒక్కటున్నా ఆడండి, ఎందుకంటే ఆడకుండా నేర్చుకోలేరు.

ఇంట్లో 101 ఆట బాగుంటుంది. ప్రతి ఆట పాయింట్లూ కూడుకుంటూ పోవాలి. 101కి చేరినవారు బయటకు. చివరికి మిగిలినవారు గెలిచినట్టు. 201 పెట్టుకుంటే డ్రాప్ 25, మధ్యలో 50. బయటకు వెళ్ళినవారు మళ్ళీ లోపలికి రావడం లాంటివి మొదటి రోజుల్లో పెట్టుకోవద్దు.

13. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

ఖాళీ మధ్యలో ఉన్న జత కోసం కూర్చోవడం. ఇస్పేటు 7, 8 ఉంటే 6 వచ్చినా 9 వచ్చినా సరే. రెండు కట్టల్లో అవి నాలుగు ముక్కలు. 7, 9 ఉంటే 8 ఒక్కటే, అంటే రెండు ముక్కలు. ఆసు, 2 ఉన్నా అంతే, 3 ఒక్కటే దిక్కు. రెండు జతల్లో ఒకటి వదలాల్సి వస్తే ఖాళీ ఉన్నదాన్ని వదలండి.

పడిన ముక్కలు గుర్తుపెట్టుకోకపోవడం. ప్రతి ముక్కకు రెండే రెండు ఉన్నాయి. మీరు కళావరు 10 కోసం చూస్తుంటే, అవి రెండూ ఓపెన్‌లో పడిపోయాక ఇంకా కళావరు 9, జాకీ పట్టుకుని కూర్చుంటే 19 పాయింట్లు మోస్తున్నట్టే. అన్ని ముక్కలూ గుర్తుండవు, నిజమే. మీకు కావాల్సిన మూడు నాలుగు ముక్కలు మాత్రం గమనించండి, చాలు.

పక్కవారికి అన్నం వడ్డించినట్టు ముక్కలివ్వడం. మీ తర్వాతివారు ఓపెన్ నుంచి ఆఠీను 8 తీశారా? ఆఠీను 7, 9, ఇంకో రంగు 8 కొంతసేపు వేయొద్దు. ఏం వేయాలో తోచకపోతే కట్ జోకర్ పక్క అంకెలు చూడండి. 6 జోకర్ అయితే చాలామంది 6ను సీక్వెన్స్‌లో ఇరికించరు, కాబట్టి 5, 7 మీద ఇతరులకు ఆశ తక్కువ. ఇది ప్రతిసారీ పనిచేయదు, కానీ ఎక్కువసార్లు పనిచేస్తుంది.

పెద్ద ముక్కలు చివరి దాకా దాచుకోవడం. నాలుగైదు వంతులు తిరిగాక కూడా దేనికీ అతకని రాజు, రాణి, ఆసు చేతిలో ఉంటే ముందు వాటినే వేయండి.

ప్యూర్‌ను చెడగొట్టుకోవడం. మన ఉదాహరణలో ఆఠీను 9ని తీసి 9ల ట్రిప్లెట్‌లో పెట్టాలనిపిస్తుంది. పెడితే ఆఠీను 7, 8, 10 మిగులుతాయి, ప్యూర్ పోతుంది. నాలుగు ముక్కల సీక్వెన్స్‌లో అంచు ముక్కను తీయొచ్చు, మధ్య ముక్కను తీయకూడదు.

12 ముక్కలో 14 ముక్కలో చేతిలో ఉండడం. మొదటి వంతుకు ముందే తెలిస్తే మళ్ళీ పంచండి. ఆట మధ్యలో తెలిస్తే ఆ ఆట రద్దు చేసి మళ్ళీ మొదలుపెట్టడమే నేర్చుకునేవాళ్ళకు మంచిది. దీనికి మందు ఒకటే: వేశాక ముక్కలు ఒకసారి లెక్కపెట్టుకోవడం.

14. ముందే అనుకోవాల్సినవి

ఊరికో పద్ధతి, ఇంటికో పద్ధతి ఉంటుంది. ఒంగోలు నుంచి వచ్చినవారు, నెల్లూరు వారు ఒకే చాప మీద కూర్చుంటే ఈ చిన్న తేడాలకే తగువులొస్తాయి. ముక్కలు పంచకముందే పుస్తకంలో రాసుకోండి:

- బొమ్మ జోకర్లు ఎన్ని
- బొమ్మ జోకరే కట్ జోకర్‌గా వస్తే ఏం చేయాలి
- డ్రాప్‌కు ఎంత, మధ్యలో ఎంత
- ఆట 101కా, 201కా
- వేసిన ముక్క వెనక్కి తీసుకోవచ్చా. మా ఇంట్లో ముక్క దుప్పటిని తాకితే వేసినట్టే.
- ఓపెన్ కుప్పలో కింది ముక్కలు తిరగేసి చూడొచ్చా

ఆడుతున్నవారి వెనక కూర్చున్నవాళ్ళు నోరు తెరవకూడదు. ఇది కూడా రాసి పెట్టండి. పక్కన ఎవరో "అయ్యో, అదెందుకు వేశావబయా" అన్నారంటే, చేతిలో ఏముందో నలుగురికీ తెలిసిపోతుంది.

15. లేచేటప్పుడు

వెనక రంగు చూసి రెండు కట్టలనూ విడదీయండి. ఒక్కో దాంట్లో 52, ఒక జోకర్, మొత్తం 53 ఉన్నాయేమో లెక్కపెట్టండి. తగ్గితే దుప్పటి దులపండి, దిండ్ల కింద చూడండి, పిల్లల జేబులు చూడండి. అప్పటికీ దొరక్కపోతే, ఏ ముక్క పోయిందో చీటీ మీద రాసి పేక పెట్టెలో వేయండి. శివరాత్రి రాత్రి మళ్ళీ పెట్టె తెరిచినప్పుడు ఆ చీటీ చూసి, ఒక బొమ్మ జోకర్ మీద పెన్నుతో ఆ ముక్క పేరు రాసుకుని ఆడుకోవచ్చు.